ఫోన్ ఉన్న ఇల్లు

నవంబర్ 4, 2024

హెల్త్ సెంటర్ నుంచి జ్యోతిరాణి సిస్టర్ ట్యాబ్ పట్టుకుని వచ్చింది. ఫోన్ వీడియోలో డాక్టర్ చూస్తాడట. దానికి మా ఊరు తయారుగా ఉందా లేదా అని ఇంటింటికీ తిరిగి రాసుకుంటోంది. ఫోన్ ఉందా, సిగ్నల్ వస్తుందా, వాడటం తెలుసా అని అడిగింది. మా మామ రాజనర్సు అన్నిటికీ ఉన్నది, వస్తది, తెలుసు అన్నాడు. నేను తలుపు వెనక నిలబడ్డాను. ఇగ నువ్వు ఎండల బోధన్ రోడ్డు పట్టుకొని సెంటర్‌కు నడువకు నవతా, ఎనిమిదో నెల గదా, డాక్టరే మీ ఇంట్లకొస్తడు అని సిస్టర్ నవ్వింది.

ఫోన్ మామది. అది ఆమె అడగలేదు. నేను చెప్పలేదు.

నవంబర్ 9

ఆడబిడ్డ కాన్పుకని అత్త మాక్లూర్ వెళ్లింది. మా ఆయన వరికోత హార్వెస్టర్ నడుపుతూ కర్ణాటకలో ఉన్నాడు. ఇంట్లో మామ, నేను. మా ఇళ్లల్లో మామాకోడళ్లు మాట్లాడుకోరు. పెళ్లయి ఏడాదిన్నర, ఒక్క మాట లేదు. అన్నం పెట్టి పళ్లెం చప్పుడు చేస్తాను, వస్తాడు. మీ ఇద్దరి నడుమ నన్ను టెలిఫోన్ జేసిన్రు గదనే అని అత్త ఎగతాళి చేసేది.

నవంబర్ 13, పొద్దున

నిన్నటి నుంచి కడుపులో బిడ్డ కదలడం లేదు.

మధ్యాహ్నం

మొదటి వీడియో. మామ ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, కట్ అవుతుందేమోనని పక్కనే కూర్చున్నాడు. డాక్టర్ చిన్నవాడు, మర్యాదస్తుడు. బిడ్డ కదులుతుందా అమ్మా అని అడిగాడు. మామ ముందు కడుపులో సంగతి ఎలా చెప్పను? కొంగు నోట్లో కుక్కుకున్నాను. మళ్లీ అడిగాడు. మా కోడలు సిగ్గరి సార్, మంచిగనే ఉన్నది, తింటున్నది అని మామే చెప్పాడు. వెరీ గుడ్ అన్నాడు డాక్టర్. మూడు నిమిషాలు.

దవాఖాన ఇంట్లకే వచ్చింది పోశన్నా, నువ్వింకా ఆటోకు ఉరుకుడేనా అని మామ పక్కింటాయనతో గొప్పగా చెబుతుంటే వినబడింది.

నవంబర్ 14

ఆయన ఫోన్ చేశాడు. మామ స్పీకర్ పెట్టి గడప మీద ఉంచి, అక్కడే నిలబడ్డాడు. మంచిగున్నవా అన్నాడు ఆయన. ఊఁ అన్నాను. డాక్టరే వెరీ గుడ్ అన్నాడు కదా.

నవంబర్ 16

ఎవరికీ చెప్పకుండా సెంటర్‌కు నడిచాను. సిస్టర్ నా పొట్ట మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. ఎప్పటి సంది అంది. ఐదు వేళ్లు చూపించాను. వీడియోల ఎందుకు జెప్పలేదే పిచ్చిదానా అని ఏడుపు గొంతుతో అరిచింది. ఆటోలో నిజామాబాద్ పెద్దాసుపత్రికి తెచ్చింది.

స్కాన్‌లో గుండె కొట్టుకోవడం లేదు. నొప్పులు రావడానికి మందు పెట్టారు.

నవంబర్ 17

మగవాళ్లను వార్డులోకి రానివ్వరు. కబురు తెలిసి వచ్చిన మామ కిటికీ చువ్వలు పట్టుకుని నన్నే చూస్తూ, నొప్పులున్నయా బిడ్డా అని అడిగాడు.

లేవు అన్నాను.

ఉన్నాయి.