పద్మ మందు సగంలో ఆపింది

చిలకలగూడ,
సికింద్రాబాద్.

అప్పకి, నీ తమ్ముడు సింహాచలం దండాలు.

నీ మోకాలు ఎలా ఉంది? బావ దగ్గు తగ్గిందా? మేమిక్కడ బాగున్నామని రాయాలి గానీ, పూర్తిగా బాగాలేము. కంగారు పడకు. ఫోన్లో చెబుదామంటే మీ ఇంట్లో స్పీకరు పెట్టి అందరూ వింటారు. అందుకే రాస్తున్నాను. నువ్వే చదువుకో, ఎవరి చేతా చదివించకు.

ఇక్కడ ఎండ ముదిరింది. నీళ్లు ట్యాంకరువి, ఎక్కడివో ఎవరూ చెప్పరు. పాలు ఎంత కాచినా మీగడ కట్టదు. ఈ ఊళ్లో నాకు దేని మీదా నమ్మకం కుదరడం లేదు. అల్లుడు రైలు డ్యూటీకి పోతే ఎప్పుడొస్తాడో తెలీదు. మాట్లాడడానికి మనిషి లేడు.

సంగతి మన అమ్మాయి పద్మది. కొన్నాళ్లుగా కూర్చోలేక నిలబడలేక ఉండేది. అడిగితే ఏం లేదంది. ఒక్కతే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చి, చీటీ మడిచి నా చేతిలో పెట్టింది. మందుల షాపామె డబ్బాని కాగితంలో చుట్టి, నల్ల కవరులో పెట్టి ఇచ్చింది. మంచి మందుకి ఇంత దాపరికం ఎందుకని నాకు అప్పుడే అనుమానం. పద్మ దాన్ని ఫ్రిజ్‌లో పెట్టింది.

కాస్త తేలికపడింది. అంతలో బయట చేరింది. నువ్వు నేర్పినట్టే ముందుగదిలో చాప మీద ఉంటుంది, వంటింట్లోకి రాదు. వంట నాదే. స్నానం చేసి లోపలికొచ్చాక మళ్లీ అదే బాధ. ఉద్యోగానికి కూడా వెళ్లలేకపోయింది. నకిలీ మందు అంటగట్టారని డబ్బా పట్టుకుని షాపుకి పోయాను. తీరా పోయాక నకిలీ అనలేకపోయాను. డబ్బా బల్ల మీద పెట్టి, "ఇది పని చెయ్యట్లేదమ్మా" అన్నాను.

డబ్బా ఇంకా చల్లగానే ఉంది. ఆమె మూత తీసి చూసింది. "ఏంది తాతా, సగం మందు గిట్లనే ఉంది. ఫ్రిజ్‌ల పెడితే ఫ్రిజ్‌కి తగ్గుతది గానీ మనిషికి తగ్గుతదా?" అంది. పక్కవాళ్లు నవ్వారు. తల దించుకుని వచ్చేశాను.

అనుమానం ఇక పద్మ మీదికి పోయింది. ఎందుకు ఆపింది? అల్లుడు ఏమైనా అన్నాడా? తలుపు ఇవతల నిలబడి అడిగాను.

"బయటున్నప్పుడు ఫ్రిజ్జు ఎలగ ముట్టుకుంతాను నాన్నా? వంటింట్లో ఉంది కదా."

"నన్ను తెమ్మనాల్సింది."

"ఏటని అడుగుతాను? అది లోపల పెట్టుకునే మందు. అయినా ఆ రోజుల్లో మందు పనికిరాదని అత్త చెప్పింది."

తల్లి లేని పిల్ల, నీ చేతుల్లో పెరిగింది. నీ మాట దాటదు.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. నన్నూ లోపలికి పిలిచింది. ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాను. "ఇది యోనిలో వచ్చే ఇన్ఫెక్షన్ పెద్దాయనా, శానామంది ఆడవాళ్లకి వస్తది. పరేషాన్ కావొద్దు. నెలసరి వచ్చినా ఈ మందు ఆపొద్దు, ప్యాడ్ పెట్టుకుని కోర్సు పూర్తి చెయ్యాలె. సగంల ఆపినందుకే తగ్గలే" అంది. ఫ్రిజ్ కూడా అక్కర్లేదట.

కొత్త మందు మొదలైంది. డబ్బా ఇప్పుడు ముందుగది బీరువాలో, పద్మ బట్టల మధ్య ఉంది. మళ్లీ ఆ రోజులు దగ్గరపడ్డాయి. "ఈసారి ఆపవు కదా" అంటే "ఆపను నాన్నా" అంటుంది, నా మొహం చూడకుండా. నేను నమ్మడం లేదు. తండ్రిని, డబ్బా తెరిచి చూడలేను, రోజూ అడగనూ లేను.

అప్పా, ఈ ఉత్తరం అందగానే, స్పీకరు పెట్టకుండా నువ్వే దానికి ఫోన్ చెయ్యి. ఆ రోజుల్లోనూ మందు వాడమని చెప్పు. డాక్టరు చెప్తే వినదు, అత్త చెప్తే వింటుంది. వంటింటి సంగతి నీ ఇష్టం, నేను అడగను. మందు మాత్రం వాడనియ్యి. నీకు నమ్మకం లేకపోయినా చెప్పు. ఈ ఊరి డాక్టర్ల మీద నాకూ లేదు. కానీ అది గోడ పట్టుకుని నడవడం నువ్వు చూడలేదు, నేను చూశాను.

బావకి నా దండాలు. పిల్లని మనసులో తలుచుకుని దీవించు.

నీ తమ్ముడు
సింహాచలం