రాంబాబు షెడ్డులో ఏరుకున్నవి

శనివారం రాత్రి, తణుకు

ఇంటి వెనక లేత్ మిషన్ పెట్టుకున్నప్పటి నుంచి మంచి పనిముట్లు, వాటిని దాచుకోవడానికి డబ్బాలు వెతుకుతూనే ఉన్నాను. ఈరోజు దొరికాయి. ఎలా దొరికాయో తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

భీమవరంలో నా స్నేహితుడు రాంబాబుకి పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయాక, వాడు మిషన్ పని చేసుకునే షెడ్డు మూతబడింది. మొన్న వాళ్ళావిడ ఫోన్ చేసింది. "దాన్ని చూసి రోజూ బాధపడుతున్నారు అన్నయ్యగారూ. ఆయన ఫిజియోథెరపీకి వెళ్ళినప్పుడు వచ్చి, మీకు పనికొచ్చేవి పట్టుకెళ్ళిపోండి." వాడికి చెప్పారా అని నేను అడగలేదు.

డ్రిల్ బిట్లన్నీ సైజుల వారీగా పాలపొడి డబ్బాల్లో సర్ది ఉన్నాయి. సన్నటి కొలతలు తీసే మైక్రోమీటర్ మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది. ఆత్రంగా ఏరుకున్నాను. కూనిరాగం కూడా తీశాను. సగం కార్లో పెట్టి మళ్ళీ లోపలికొచ్చి మైక్రోమీటర్ తీసేసరికి, ఫిజియోథెరపీ నుంచి ముందే వచ్చేసి, గుమ్మంలో గోడ పట్టుకుని రాంబాబు నిలబడి ఉన్నాడు.

"సర్దుతున్నావేంట్రా?" అన్నాడు, మాట కొంచెం ముద్దగా.

"అవున్రా," అన్నాను.

వాడి ముఖం వెలిగిపోయింది. "మంచి పని చేశావు. ఎడంచేత్తో అలవాటు చేసుకుంటున్నాన్లే. వచ్చేవారం నువ్వొస్తే ఇద్దరం కలిసి మొదలెడదాం."

వెనక వాళ్ళావిడ తలదించుకుంది. మైక్రోమీటర్ బల్ల మీద పెట్టేసి, ఆవిడిచ్చిన కాఫీ తాగి వచ్చేశాను. కార్లో ఉన్నవాటి గురించి నోరు విప్పలేదు.

అవి ఇంకా కార్లోనే ఉన్నాయి. లోపలికి తేవడానికి చేతులు రాలేదు. వాడు చూడకుండా మళ్ళీ ఎలా పెట్టాలా అనే సాయంత్రమంతా ఆలోచించాను. వాడితో చెప్పి పెట్టొచ్చన్న ఆలోచన మాత్రం, ఇదిగో, ఇది రాస్తుంటేనే వచ్చింది...