పన్నెండో తప్పు

చిరంజీవి చిన్నవాడికి,

అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద. నాకు మర్యాద కన్నా నిజం ముఖ్యం కనుక విడివిడిగా రాస్తాను. నేను క్షేమం. మీ అక్క క్షేమం, కాస్త ఒళ్ళు చేసింది. దాని కూతురు క్షేమం, కానీ పదహారు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. మీ నాన్నగారి సంగతి కింద రాస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. సొరంగాలు తవ్వించీ తవ్వించీ నీ చేతిరాత కూడా గులకరాళ్ళు పోసినట్టు తయారైంది. రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు. నువ్వు పంపిన రగ్గు కూడా వచ్చింది. నాన్నగారికి పాదాల దగ్గర జానెడు తక్కువ. "మనిషి కుంచించుకుపోతున్నారుగా, వచ్చే ఏడాదికి సరిపోతుందిలే" అంది మీ అక్క. నేను నవ్వాను. ఈ ఇంట్లో ముసలితనం మీద వేళాకోళం మొదలుపెట్టింది నేనే కాబట్టి దాన్ని అనడానికి లేదు.

కళ్ళ సంగతి అడిగావు. డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాం. పొర అయితే తీసేయవచ్చట, ఆయనకు లోపల నరమే ఎండిపోయిందట. వెలుగూ నీడా తెలుస్తాయి, ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తుంది. అక్షరం మాత్రం కనబడదు, ఇక కనబడబోదు. ఈ మాట గుర్తుపెట్టుకో.

ఇక, నాన్న చెప్పే ఊరి కబుర్లన్నీ రాసి పంపమ్మా, పిల్లలకు పుస్తకంలా కుట్టి ఇస్తాను అన్నావు. రాయడానికి ఏమీ లేదు. ఆయన చెప్పడం మానేశారు. ఎందుకు మానేశారన్నదానికీ, "ఆదివారం ఫోను చేస్తే చాలు, సంతలో ఉండిపోయాను, నన్ను క్షమించరా అని నాన్న ఏడుస్తున్నాడు, ఏ సంతమ్మా?" అని నువ్వు అడిగినదానికీ జవాబు ఒక్కటే. ఫోనులో చెప్పిన మాట గాలికి పోతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఊరు వదిలి మీ అక్కావాళ్ళ ఈ మేడమీది రెండు గదుల్లోకి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆయన నోట రోజుకు పట్టుమని పది మాటలు రాలేదు. ఇక్కడికి వచ్చాక పని పోయింది, చూపు పోయింది, మాట వచ్చింది. కింద అందరం భోజనాలకు కూర్చుంటే చాలు, ఊరే. మా ఎర్ర ఎద్దు నా దగ్గు వింటే తనే వచ్చి కాడి కింద మెడ పెట్టేది. వరదకు మూడు రాత్రులు పాక కప్పు మీద కూర్చున్నాం, మధ్యలో మన కుక్క. ఒక ఏడు గుమ్మడికాయను ఇద్దరు మోసుకొచ్చారు. ఇలా చెప్పుకుపోయేవారు.

నా సంగతి నీకు తెలుసు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ ఊరి బళ్ళో చదువు చెప్పాను, బడి వెనక వానకొలత గొట్టం చూశాను. ఏ రోజు ఎంత వాన, ఏ చేలో ఏం విత్తారు, ఏ గేదె ఈనింది, ఎవరికి జ్వరం, అన్నీ ఆ రోజుకారోజు రాశాను. నలభై నాలుగు పుస్తకాలు. ఊరు వదిలేటప్పుడు మంచాలు వదిలేశాం గానీ పుస్తకాలు వదల్లేదు.

"వరద ఒక్కటే రాత్రి. మర్నాడు పదకొండింటికి దిగాం. కుక్క అంతకు ముందు ఏడే చచ్చిపోయింది" అన్నాను ఒకరోజు.

"చచ్చిపోయిందా?" అన్నారు ఆయన, ఆ పూటే పోయినట్టు.

అందరూ పడీ పడీ నవ్వారు. నీ మేనకోడలు పైకి పరిగెత్తి పుస్తకం తెచ్చి తేదీతో సహా చదివింది. "తాతయ్యా, అమ్మమ్మ దగ్గర రికార్డులున్నాయి, జాగ్రత్త!" అంటూ ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించింది. పైన 'తాతయ్య తప్పులు' అని రాసి, కింద ఒక గీత గీసింది. వారానికి ఒకటో రెండో గీతలు పడేవి. మొదట్లో ఆయనా నవ్వేవారు. "ఇంకో గీత పెట్టించావా టీచరమ్మా? నీ బళ్ళో పిల్లలు ఎలా బతికి బట్టకట్టారో!" అనేవారు. ఆరేడు గీతలయ్యాక నవ్వు తగ్గింది. చెబుతూ చెబుతూ ఆగి, నేనున్న వైపు ముఖం తిప్పేవారు. "ఎద్దు ఎర్రదే కదూ?" అని అడిగేవారు. నేను వెంటనే చెప్పేదాన్ని కాదు. కాసేపు ఆగనిచ్చి, "మైల రంగు" అనేదాన్ని.

నాకది బాగుండేది. పళ్ళు పోయాయి, మెట్లెక్కితే ఆయాసం, ఒకప్పుడు నా పేరు చెబితే వణికిన ఊళ్ళో ఇప్పుడు నన్ను ఎరిగినవాళ్ళు నలుగురు లేరు. జ్ఞాపకం ఒక్కటే చెక్కుచెదరలేదు. ఆయన తడబడిన ప్రతిసారీ నేను బెత్తెడు పొడుగైనట్టుండేది.

పదకొండు గీతలయ్యాయి. ఆ ఆదివారం మీ బావ ఆఫీసువాళ్ళు ఇద్దరు భోజనానికి వచ్చారు. వాళ్ళలో ఒకాయన, "పెద్దాయనా, పల్లెటూరి కబుర్లు చెప్పండి" అన్నాడు. నాన్నగారు నిన్ను బావిలోంచి తీసిన కథ ఎత్తుకున్నారు. నీకు తెలిసినదే. "నేను చేలో గడ్డి కోస్తున్నాను, టీచరమ్మ ఇంట్లో ఉంది, బుడుంగుమని చప్పుడైంది" అని మొదలయ్యే కథ. నలభై ఆరేళ్ళుగా ఒక్క మాట మారకుండా చెప్పారు. ఆ రోజు మారింది.

"టీచరమ్మ బావి గట్టు మీదే కూర్చుని రాసుకుంటోంది పాపం. నాలుగేళ్ళవాడు, దీని వెనకాలే..."

అందరూ నా వైపు తిరిగారు. మీ అక్క చేతిలో గరిట ఆగింది.

"ఆపండి" అన్నాను. "మీరు ఆ రోజు ఊళ్ళోనే లేరు. ఎద్దుల సంతకు వెళ్ళారు. దూకి తీసింది పాలేరు."

"సంతకా?"

"సంతకే. రాత్రికి గానీ రాలేదు."

"మరి ఈ మచ్చ?" అని ఎడమ మోకాలు తడుముకున్నారు.

"అది పలుగు దెబ్బ. ఇంకో ఏడు."

నీ మేనకోడలు పుస్తకం తేవడానికి లేచింది. "అక్కర్లేదు, నాకు కంఠతా వచ్చు" అన్నాను. అది వెళ్ళి పన్నెండో గీత పెట్టింది. వచ్చినాయన నవ్వాడు. నాన్నగారు మోకాలి మీద నుంచి చెయ్యి తీసి, కంచంలో పెట్టి, మరి తినలేదు.

అబద్ధం చెప్పాను. ఆయన ఏ సంతకూ వెళ్ళలేదు. దూకింది ఆయనే. నేను ఇంట్లో ఉన్నానన్న మాటే అబద్ధం, అది ఆయన నా కోసం చెప్పినది. నేను అడగలేదు, ఆయన అనలేదు, ఒక్కరోజైనా ఆ ఊసు మా మధ్య రాలేదు. మతిమరుపు ఆయన దగ్గర ఆ ఒక్క అబద్ధాన్నీ ఊడ్చేసి నిజం మిగిల్చింది. నేను ఆ నిజాన్నీ లాక్కున్నాను.

అప్పటినుంచి ఆయన ఊరి మాట ఎత్తలేదు. ఆదివారం నీకు ఫోను చేసేముందు గొంతు సవరించుకుంటారు. మిగతా రోజుల్లో ఎద్దుల గురించి ఒక్కటే అడుగుతారు. "ఆ సంతలో ఏమైనా కొన్నానా?"

మూడు వారాలు చూశాను. నాలుగో వారం పుస్తకం తీసి దానికి, అదే నీ మేనకోడలికి, ఇచ్చాను. అది పేజీ చదువుకుని, నా వంక చూసి, కిందికి వెళ్ళి ఫ్రిజ్ మీది కాగితం చింపేసింది. తరవాత వచ్చి తాతయ్య పక్కన కూర్చుని గట్టిగా చదివి వినిపించింది. 'మధ్యాహ్నం మూడున్నర. చిన్నవాడు బావిలో పడ్డాడు. ఆయన దూకి తీశారు. ఆయన ఎడమ మోకాలికి గాయం. నేను గట్టు మీద రాసుకుంటున్నాను.'

ఆయన అంతా విని, పేజీ మీద వేలు పెట్టి, అక్షరాలు తగులుతాయేమోనన్నట్టు అటూ ఇటూ జరిపారు.

"పిల్లను కూడా కలుపుకున్నావా టీచరమ్మా?" అన్నారు. "నా ఏడుపు చూడలేక రాసి తెచ్చావు. ఇన్నేళ్ళకు నా కోసం ఒక అబద్ధమాడావు. చాల్లే, అదే పదివేలు."

"ఇదే నిజమండీ. ఆ రోజు చెప్పింది అబద్ధం" అన్నాను.

"నువ్వా? అబద్ధమా?" అని నవ్వారు. ఆ నెలలో ఆయన నవ్వింది అదొక్కసారే.

పదకొండుసార్లు నేను రైటు. అందుకే పన్నెండోదీ రైటయి కూర్చుంది. ఇక నేను ఏం చెప్పినా జాలికి చెప్పినట్టే ఆయనకు. పాలేరు పోయి ఇరవై ఏళ్ళు. మిగిలిన సాక్షివి నువ్వు. పడినవాడివి కాబట్టి నీ మాట నమ్ముతారు.

గుర్తులేనిదాన్ని గుర్తుందని చెబితే చిన్నప్పుడు నీ అరచేతి మీద బెత్తంతో కొట్టాను. ఇప్పుడు నేనే చెప్పమంటున్నాను. సెలవు దొరకదని రాశావు. దొరికించుకో. వచ్చి ఆయన పక్కన కూర్చుని, గుర్తుంది నాన్నా అను. ఇది కంఠతా పట్టు. ఆయనకు చొక్కా లేదు. నిన్ను ఎడమ భుజం మీద వేసుకుని కుడిచేత్తో మెట్టురాయి పట్టుకున్నారు. రెండుసార్లు జారారు, మోకాలు అప్పుడే చీరుకుంది. పైకి వచ్చి నిన్ను బోర్లా పడుకోబెట్టి వీపు మీద చరిచారు. నువ్వు నీళ్ళు కక్కి ఏడ్చావు. నువ్వు ఏడ్చాక ఆయన ఏడ్చారు.

నీకు క్షమాపణ ఇందులో రాయడం లేదు. అది వేరే ఉత్తరం. ముందు ఆయన పని చూడు.

"మరి అమ్మ ఎక్కడుందిరా?" అని అడుగుతారు, నిన్ను పరీక్షించడానికి. ఇంట్లో ఉందని చెప్పకు. చెబితే మళ్ళీ నా పాఠమే అప్పజెబుతున్నావనుకుంటారు. గట్టు మీద ఉందని చెప్పు. చప్పుడు నేనూ విన్నాను. వాక్యం సగంలో ఉంది. అది పూర్తి చేసి తల ఎత్తాను. అప్పటికి ఆయన నీళ్ళలో ఉన్నారు. ఆ వాక్యం ఇప్పటికీ పుస్తకంలో ఉంది, చివర చుక్క కూడా పెట్టి ఉంది. 'తూర్పు చేను వేరుశనగ మొలక బాగుంది.'

ఇట్లు,
గట్టు మీద కూర్చున్న
మీ అమ్మ