ఫిలిప్‌ను ఎవరికి అప్పగించను

నల్లరేవుపాలెం కాపురస్థురాలు, కీర్తిశేషులు దారా మరియదాసు గారి భార్య, రిటైర్డ్ హిందీ టీచరు, అరవై రెండేళ్ల దారా సంతోషకుమారి అను నేను నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. జబ్బు కాలేయానికి పాకింది. గుంటూరు డాక్టరు గారు ఇక నెలలే అన్నారు. ఒంట్లో ఓపిక లేదు గాని మతి స్థిరంగా ఉంది. ఎవరి ఒత్తిడీ లేదు. ఇంతకు ముందు నేను రాసిన చిత్తుకాగితాలు ఎవరికైనా దొరికితే అవి చెల్లవు.

1. నా స్వార్జితమైన రెండు గదుల డాబా ఇల్లు, పెరడు, బోరుతో సహా నా ఏకైక కుమారుడు ఫిలిప్‌కు సర్వహక్కులతో చెందవలెను. వాడికి ముప్పై నాలుగేళ్లు. ఊరి నీళ్ల ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరు. ఉదయం ఆరింటికి నీళ్లు అంటే ఆరింటికే. ఎవరింట్లో పెళ్లైనా ఐదు నిమిషాలు ముందు వదలడు. ఈ ఇంట్లో వాడి మంచం తూర్పు గోడకు ఉంది. దాన్ని ఎవరూ జరపకూడదు. ఇది కోరిక కాదు, షరతు.

2. పర్చూరు దారిలో ఉన్న ఎకరం నల్లరేగడి చేను కూడా ఫిలిప్‌కే. ఈ చేను గురించి ఒకటి చెప్పాలి. వాడికి పంతొమ్మిదేళ్లప్పుడు మా హెడ్మాస్టరు గారు ఇంటికి భోజనానికి వచ్చారు. "మీరు తింటుంటే నోరు చప్పుడవుతోంది, వేరే గదిలో తినండి" అన్నాడు వాడు. ఆయన లేచి వెళ్లిపోయారు. నేను సిగ్గుతో చచ్చిపోయి, "ఛీ, ఇక నీ మొహం నాకు చూపించకు" అన్నాను. వాడు చూపించలేదు. రెండు రోజులు ఊరంతా వెతికాం, బావుల్లో కూడా. మూడో రోజు ఈ చేలో మంచె మీద దొరికాడు. పచ్చి పత్తికాయలు కొరికి పెదాలు నల్లబడ్డాయి. నన్ను చూడగానే రెండు చేతులతో మొహం కప్పుకుని, "ఇప్పుడు చూపించొచ్చా అమ్మా?" అని అడిగాడు. నేను దాన్ని కూడా పొగరే అనుకుని కొట్టాను. ఈ చేను కౌలు మీద వాడు బతకాలి. ఆ దెబ్బకు పరిహారంగా ఇవ్వదగ్గది నా దగ్గర ఏమీ లేదు.

3. నా తమ్ముడు ఏసురత్నానికి మా నాన్న గారి చేతిగడియారం మాత్రం చెందవలెను. నా ఆస్తిలో ఇంకేదీ అతనికి గాని, అతని వారసులకు గాని చెందదు. కారణం రాస్తున్నాను. నాలుగేళ్ల కిందట నా భర్త పోయిన రోజు శవం ఇంట్లో ఉండగా ఫిలిప్ లేచి ట్యాంకు దగ్గరికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి వాకిట్లో అందరూ చూస్తుండగా ఏసురత్నం వాణ్ణి చెంప మీద కొట్టి, "కన్నతండ్రి పోతే కన్నీటి బొట్టు లేదు, నువ్వు మనిషివేనా?" అన్నాడు. ఫిలిప్ చెవులు మూసుకుని, "మామయ్యా, ఇంత మంది వచ్చారు, స్నానాలకి నీళ్లు కావాలి కదా" అన్నాడు. వాడి దుఃఖం వెళ్లి నీళ్ల వాల్వు తిప్పింది. అది నాకు కనిపించింది, అయినా బంధువుల ముందు నోరు తెరవలేదు. కోపంతో గడియారం కూడా ఎగ్గొడదామనుకున్నాను, మనసు రాలేదు. ఆయన అతనికీ నాన్నే.

4. నా పుస్తకాలు, బీరువాతో సహా, నాతో పనిచేసిన టీచరు నాగజ్యోతి గారికి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆమెదే. బీరువాలో నీలం అట్ట నోటుబుక్కు ఉంటుంది. ఫిలిప్‌కు ఇరవై ఏడేళ్లప్పుడు గుంటూరులో ఒక డాక్టరమ్మ చెప్పిన మాటలు అందులో ఉన్నాయి. "దీన్ని ఆస్పర్జర్ సిండ్రోమ్ అనేవాళ్లమండి, ఇప్పుడు ఆటిజం కిందే చెబుతున్నాం. తెలివి తక్కువ కాదు, ప్రేమ లేకా కాదు. ఎదుటివాళ్ల మొహంలో ఉన్నది చదవడం మనకి పుట్టుకతో వస్తుంది. ఆయన దాన్ని పరాయి భాషలాగా నేర్చుకోవాలి" అన్నారావిడ. ముప్పై ఏళ్లు తెలుగు పిల్లలకు హిందీ నేర్పినదాన్ని. వాళ్లు వెయ్యి తప్పులు చేసినా విసుక్కోకుండా దిద్దాను. ఇంట్లో ఉన్నవాడికి ఒక్క తప్పూ మన్నించలేదు. జ్యోతీ, మీ క్లాసులో ఎవరైనా మీ కళ్లలోకి చూడకపోతే ఈ నోటుబుక్కు తీయండి.

5. మా వీధి చివర టిఫిన్ బండి పెట్టుకున్న ఖాదర్‌బీకి నా గ్రైండరు. ఆ మోత ఫిలిప్ భరించలేడని ఏడేళ్లుగా గోనెపట్టా కప్పి ఉంచాను. ఆమె వాణ్ణి ఏనాడూ ఏం కావాలని అడగదు. రెండిడ్లీ, సాంబారు తగలకుండా వేరే గిన్నెలో పచ్చడి. మిరపకాయలు వేయించాల్సి వస్తే ముందురోజే వాడికి చెప్పి పంపుతుంది. "మాట్లాడకపోతే ఏమైంది టీచరమ్మా, రోజూ వస్తాడుగా" అంటుంది. ఏ డాక్టరూ చెప్పకుండానే ఆమెకు తెలిసింది, నాకు తెలియలేదు.

6. ఫిలిప్‌ను ఎవరికి అప్పగించాలన్న అంశాన్ని నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చింపాను. "ఏదన్నా హోంలో పడేద్దాంలే అక్కా, ఇల్లు నేను చూసుకుంటా" అన్నాడు తమ్ముడు. పాస్టరు గారు ప్రార్థన చేస్తానన్నారు. నాగజ్యోతి కళ్లనీళ్లు పెట్టుకుంది గాని వాళ్లాయన ఒప్పుకోలేదు. "మేజరు, ఉద్యోగం చేస్తున్నాడు, ఆయనకి గార్డియనేంటమ్మా?" అన్నారు లాయరు గారు. ఆ మాట చెప్పి లాయరు గారు తన ఇంటికి వెళ్లిపోతారు. నేను రోజుకో ముద్ద తగ్గిపోతూ, నేను లేని ఈ ఇంటి తలుపు ఎవరు తడతారో, వాడి చేత ఏ కాగితం మీద సంతకం పెట్టించుకుంటారో అని పైకప్పు చూస్తూ పడుకుంటాను. చివరికి ఖాదర్‌బీని అడగకుండానే ఆమె పేరు రాసేసి, సోమవారం వీలునామా అంతా ఫిలిప్‌కు చదివి వినిపించాను.

గోడవైపు తిరిగి విన్నాడు. "ఒకటి ఇల్లు, రెండు చేను, మూడు గడియారం, నాలుగు పుస్తకాలు, ఐదు గ్రైండరు, ఆరు నేను" అన్నాడు. "నన్ను సామానుతో కలిపి రాశావు."

"నీ మంచికే నాన్నా" అన్నాను.

"నన్ను అడిగావా?"

ముప్పై నాలుగేళ్లలో డాక్టర్లను అడిగాను, పాస్టర్లను అడిగాను, వీధిలో వాళ్లను అడిగాను. వాణ్ణి అడగలేదు. అప్పుడు అడిగాను. రెండు రోజులు టైము కావాలన్నాడు. బుధవారం ఒక కాగితం తెచ్చి ఇచ్చాడు. ఖాదర్‌బీ పేరు తీసేసి, ఈ అంశం కింద అక్షరం మార్చకుండా దాన్నే రాస్తున్నాను:

"నేను ఈ ఇంట్లోనే ఉంటాను. అన్నం, పప్పు, గుడ్డు వండగలను. మోసం చేసేవాళ్లను నేను గుర్తుపట్టలేను. కాబట్టి నాగజ్యోతి మేడం చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టను. మేడం సరేనన్నారు, ఫోన్ చేసి అడిగాను. అమ్మను సమాధి చేసేటప్పుడు నన్నెవరూ పట్టుకోకూడదు, ఏడవమనకూడదు. నేను ఒక్కడినే ఉండటానికి నాకు భయం. ఈ సంగతి నన్నెవరూ అడగలేదు."

చదివి, "నాకూ భయంగానే ఉందిరా" అన్నాను. వాడు నావైపు చూడలేదు. నా మంచం మీద, ఆ చివర కూర్చున్నాడు. ఎప్పుడూ కూర్చోడు. "అయితే అదీ రాయి" అన్నాడు.

నాకు భయంగా ఉంది.

ఖాదర్‌బీకి ఇందులో వస్తువు చెందుతున్నందున ఆమె చేత సాక్షి సంతకం పెట్టించలేదు. ఇది నేను చదువుకుని, సరిగా ఉన్నదని ఒప్పుకుని, ఈ కింది సాక్షులిద్దరి ఎదుట సంతకం చేశాను.

నల్లరేవుపాలెం,
తేది 20 నవంబరు 2025, గురువారం

(సం.) దారా సంతోషకుమారి

సాక్షులు:
1. గుర్రం చెంచురామయ్య, రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు
2. కాటూరి శాంతి, ఏఎన్ఎం