అరవై ఆరు మెట్లకు రెయిలింగు కోరుట

రక్షిత కట్టడాల అధికారిగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కీర్తిశేషులైన ఆర్కిటెక్టుగారి భవనంలో, మూడో అంతస్తు నుంచి మా ఆవిడ కిందికి దిగుటకు రెయిలింగు అనుమతించుట గురించి.

ఈ అర్జీ రాయకూడదనే అనుకున్నాను. ఇదివరకటి నాలుగూ తమ బీరువాలో క్షేమంగా ఉన్నాయని గుమాస్తాగారు సెలవిచ్చారు. అయిదోదాన్ని పంపి వాటికి ఇరుకు చేయడమెందుకని ఊరుకున్నాను. కాని మొన్న మా ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని, "ఏమయ్యా, కింద బల్ల మీదికి ఎండ వచ్చిందేమో చూసి రా" అంది. వెళ్లి చూసి, వచ్చిందని చెప్పి, కలం తీశాను.

1. సదరు మెట్లు అరవై ఆరు. ఒక పక్క గోడ, రెండో పక్క గాలి. రెయిలింగు పెడితే మెట్ల గీత తెగి అందం చెడుతుందని ఆర్కిటెక్టుగారు తమ గ్రంథంలో వ్రాసియున్నారు. గతేడాది రెండో మలుపు దగ్గర గీత తెగలేదు గాని, మా ఆవిడ మోకాలిచిప్ప పగిలింది. ఎనిమిది నెలలుగా ఆమె గడప దాటలేదు.

2. మెట్ల పక్క గోడ మీద ఏటవాలు చారలున్నవి. వాటిని చూడటానికి పరదేశాల నుంచి వస్తారు. అవి వాన జాడలనీ, ఆర్కిటెక్టుగారు బాల్యంలో కారే కప్పు కింద పెరిగినందున అలా ఊహించారనీ గైడు చెబుతాడు. ఆయన కారే కప్పు కింద పెరిగిన మాట నిజమే. చారలు మాత్రం నావి. ఈ భవనానికి సెంట్రింగు చెక్కలు కొట్టిన వడ్రంగిని నేనే. తరువాత మరమ్మతులు చూసుకోమని ఇందులోనే ఇల్లిచ్చారు. ఈ గోడకు చెక్కలు కొట్టిన రోజు మా ఆవిడ మొదటిసారి క్యారియరు పట్టుకుని పని దగ్గరికి వచ్చింది. పెళ్లయి పదిరోజులు. నా చూపు చెక్కల మీద లేదు. సిమెంటు గట్టిపడి చెక్కలు విప్పాక చూస్తే గోడంతా వాటి వంకర అచ్చులే. ఆర్కిటెక్టుగారు తెల్లబూట్లతో సిమెంటు నీళ్లలో చాలాసేపు నిలబడి, "దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు" అన్నారు. అదే ఇప్పుడు తమ శాఖవారి నిబంధన అయినది. కావున నా పొరపాటుకు ప్రభుత్వ రక్షణ కలదు, అందుకు కారణమైన మనిషికి లేదు.

3. పెద్దతనంలో ఆయన ఒకసారి తమ భవనం చూసుకోవడానికి వచ్చారు. అప్పటికే ఊరి చివర, ఒక్క మెట్టయినా లేని పెంకుటింట్లో ఉంటున్నారు. నా భుజం పట్టుకుని ఎక్కుతూ, రెండో మలుపులో ఆగి, "ఇక్కడ పట్టుకోవడానికి ఏదైనా పెట్టాల్సిందయ్యా" అన్నారు.

"మీరే వద్దన్నారు గదండీ" అన్నాను.

"అప్పుడు నాకు ముప్ఫై నాలుగేళ్లు" అన్నారు.

4. ఈ సంగతి విన్నవించగా, ఆర్కిటెక్టుగారి సమ్మతిపత్రం అసలు ప్రతి జతచేయమని తమ కార్యాలయంవారు కోరియున్నారు. ఆయన పోయి తొమ్మిదేళ్లయిందన్నాను. అయితే వారసులది తెమ్మన్నారు. లేరన్నాను. అయితే ఫైలు పెండింగులో ఉంటుందని, ఫైలుకు అది అలవాటేనన్నట్టు గుమాస్తాగారు ఓదార్చారు.

కావున, గోడకు మేకు కొట్టకుండా, చారలకు చెయ్యి తగలకుండా, సన్నని కర్ర రెయిలింగు నా చేతులతో నేనే పెట్టుకొనుటకు అనుమతి దయచేయ ప్రార్థన. ఈసారి చూపు చెక్క మీదే ఉంచగలనని హామీ ఇస్తున్నాను.

వీలైతే ఒకసారి ఈ మెట్లెక్కి చిత్తగించవలెను.

ఇంకా పైనే ఉన్న
తమ విధేయుడు,
సెంట్రింగు వడ్రంగి, మూడో అంతస్తు

తా.క. అర్జీ రాశాక ఆగలేక, మలుపుల్లోని కిటికీ ఊచలకు ఒక మోకు కట్టాను. మా ఆవిడ దాన్ని పట్టుకుని రెండో మలుపు దాకా దిగి, తిరిగి ఎక్కింది. ఈ ఉదయం తమ ఇన్‌స్పెక్టరుగారు పైదాకా వచ్చి, ఫొటో తీసి, మూడు రోజుల్లో మోకు విప్పేయాలని కాగితం ఇచ్చారు. ఆ తరువాత మోకు పట్టుకుని దిగి వెళ్లారు.