స్పేస్ బార్‌కి మాత్రం క్రీము పూయలేదు

నెరిస్ అక్కా,

పనికి పోతున్నా. పెరట్లో కవరు చుట్టి పెట్టింది మన పాత కంప్యూటర్ పైడొప్ప. పాతబడి పట్టిన పసుపు రంగు వదలడానికి జుట్టుకి పూసే బ్లీచ్ క్రీము పట్టించాను, అది ఎండలోనే పనిచేస్తుంది. స్వాన్సీలో ఇలాంటి ఎండ మళ్లీ ఎప్పుడొస్తుందో! గంటకోసారి తిప్పు, ఎడమచేత్తో చాలు, బరువుండదు. మబ్బు పడితే లోపల పెట్టు. పోయినసారి టీ తాగుతూ మరిచిపోయావు, డొప్పంతా చారలే.

లోపలి కంప్యూటర్‌కి మెమరీ పెంచాను. బాగానే నడుస్తోంది.

గెరైంట్

ఇంకోటి. స్పేస్ బార్ సొరుగులో ఉంది. కొత్తది కొనమన్నావు, కొనను. దాని మీద అరిగిన గుంట నీ కుడి బొటనవేలిదే. చిన్నప్పుడు దాంతోనేగా రోజూ కంప్యూటర్ ఆటల్లో నన్ను ఓడించావు! పక్షవాతానికి డాక్టరు చెప్పిన వేళ్ల కసరత్తు ఎలాగూ చెయ్యవు. రేపట్నుంచి ఇదే నొక్కు. ఓడిపోవడానికి నేనున్నాగా.