తెర మీద నలుగు పాట

రమణమ్మా,

నువ్వు పోయి ఏడాదైంది. పొద్దున సంవత్సరీకం చేసినాం. సాయంత్రం మన పాప తను తీసిన సినిమాను మగ్గాల వీధిలోనే తెర కట్టి చూపించింది.

దాంట్లో కథ లేదు, మాటలు లేవు. నువ్వు పోయిన రోజు ముత్తైదువలు నీకు నీళ్లు పోసి, పసుపు పూసి, నేను నేసిన ఎర్రకోక కట్టిరి కదా, ఆ చేతులను మాత్రమే పాప ఫోన్లో తీసిందంట. నీ మొగం యాడా చూపలేదు. దానికి నువ్వు పెండ్లిండ్లలో పాడే నలుగు పాట పెట్టింది. ఎప్పుడో వంటింట్లో నీతో పాడించుకుని దాచుకుందంట.

మీ అన్నకు ఈ పాట సంగతి ముందే తెలిసి శానా కోపమొచ్చె. "సావుకు పెండ్లి పాటేంది బావా? నలుగురూ నగుతారు. నువ్వన్నా పాపకు చెప్పు" అనె. నాకూ భయమే అయింది.

పాప మాత్రం, "మామా, ఆ రోజు అమ్మను పెండ్లికూతురి మాదిరే చేసినారు. పాట ఒకటే తక్కువాయె" అన్నది. ఇంక నేను వద్దనలేకపోతి.

నీ గొంతు వినపడె. ఒక్కదానివే పాడినా, పక్కోళ్లు అందుకుంటారని అలవాటుకొద్దీ చరణం చరణానికీ ఆగినావు. మొదటిసారి ఎవరూ పలకలేదు. రెండోసారి మీ వదినె అందుకునె. తర్వాత ఆడోళ్లంతా అందుకునిరి. మీ అన్న తల వంచుకుని కండ్లు తుడుచుకుంటా కూర్చునె.

మగోళ్లం ఆ పాట పాడం కదా. కడాకు నువ్వు ఆగినప్పుడు నేనూ పాడితి. రాగం తప్పితి గానీ, నువ్వు నాకోసమే ఆగినట్టు ఉండె.